మా ఊరి కాలువ వంతెన, కుళాయి నీళ్లు, భూగర్భ డ్రైనేజీ: ఏడాది వాడాక నా రివ్యూ

గోదావరి డెల్టాలో ముప్పై వేల జనాభా ఉన్న చిన్న మున్సిపాలిటీ మాది. ఊళ్లో ఈమధ్య మూడు పెద్ద పనులు జరిగాయండి. పంట కాలువ మీద పాత ఇరుకు వంతెన తీసేసి కొత్తది కట్టారు. మంచినీళ్ల పథకం పెంచారు. మార్కెట్ వైపు రెండు వార్డుల్లో భూగర్భ డ్రైనేజీ వేశారు. మూడూ వాడకంలోకి వచ్చాక ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాయి. ఇక రాయొచ్చనిపించింది.

నేను ప్రజారోగ్య ఇంజినీరింగ్ పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఈ మూడు పనులతో నాకు ఉద్యోగపరంగా ఏ సంబంధమూ లేదు. నీటి పన్ను కట్టే మనిషిగా, రోజూ ఆ వంతెన మీదుగా సైకిలు తొక్కే మనిషిగా రాస్తున్నాను. ఊరి పేరు, కాంట్రాక్టర్ల పేర్లు రాయట్లేదు. డెల్టాలో ఏ ఊరివాళ్లు చదివినా ఇందులో సగం తమ ఊరి సంగతేనని వాళ్లకే తెలుస్తుంది.

మొత్తం మీద నా అభిప్రాయం ఇది: మూడింట్లోనూ అసలు పని గట్టిగా, శ్రద్ధగా చేశారు. తేడా వచ్చిందల్లా చివరి నాలుగు గజాల్లో. వంతెన రోడ్డును కలిసే చోట, నీటి పైపు ఇంటి కుళాయిని కలిసే చోట, మరుగుదొడ్డి పైపు వీధి పైపును కలిసే చోట.

ముందు వంతెన. నా మార్కులు ఐదుకి నాలుగు.

పాతది ఇటుకా సున్నంతో కట్టిన మూడు ఖానాల (స్తంభాల మధ్య ఖాళీల) కమాను వంతెన. కాలువల్లో ధాన్యం పడవలు నడిచిన రోజుల్లో కట్టింది కాబట్టి మధ్యలో గూనిలా ఎత్తుగా ఉండేది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేశాక తవ్విన ఈ కాలువలు సేద్యానికీ పడవలకీ కూడా పనికొచ్చేలా వేసినవే. అందుకే ఆ కాలపు వంతెనలన్నీ అలా వీపెత్తి ఉంటాయి. ఆ పనితనం మీద నాకు చాలా గౌరవం. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద 49 కమానుల పాత అక్విడక్టు (కాలువని నది మీదుగా దాటించే వంతెన) చూసినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. 2000లో డొక్కా సీతమ్మగారి పేరుతో పక్కనే కొత్తది కట్టి కాలువ నీళ్లు దాంట్లోకి మళ్లించారు గానీ, పాతది ఇంకా నిలబడే ఉంది.

కానీ మా పాత వంతెనకి రెండు జబ్బులు. ఎదురుగా బస్సొస్తే ఆటో వెనక్కి వెళ్లాల్సిందే. రెండోది, కాలువలో ఉన్న రెండు స్తంభాలకీ గుర్రపుడెక్క వచ్చి అడ్డం పడేది. వానాకాలంలో పచ్చటి చాప పరిచినట్టు పేరుకుపోయి, పైన గట్టు తెగుతుందేమోనని రైతులు రాత్రుళ్లు గునపాలు, కత్తులు పట్టుకుని కాపలా కాసేవాళ్లు. కొత్త వంతెన డిజైన్ చేసినాయన ఎవరో గానీ ఆయనకి దణ్ణం పెట్టాలి. కాలువ మధ్యలో స్తంభమన్నదే లేకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఒకే ఖానాగా గడ్డర్లు వేశారు. ఖర్చు కాస్త ఎక్కువే అయి ఉంటుంది. కానీ మొన్నటి వానాకాలంలో గుర్రపుడెక్క ఎక్కడా ఆగకుండా జారిపోతూ ఉంటే నేనూ, మా ఆయకట్టు రైతులూ గట్టున నిలబడి చూశాం. ఈ ఒక్క కారణానికే మూడు మార్కులు వేసేశాను.

మిగతా పనితనం కూడా మెచ్చుకోవాల్సిందే. మాది ఒండ్రునేల. పైన బంకమన్ను, కింద బుసక (సన్న ఇసుక), మళ్లీ బంకమన్ను. రిగ్గు తెచ్చి లోతుగా పైల్స్ (నేలలోకి దిగే పునాది స్తంభాలు) దింపారు. డెక్ స్లాబు కాంక్రీటు ఎండ తగ్గాక సాయంత్రం మొదలుపెట్టి, లైట్లు పెట్టుకుని తెల్లవారేదాకా ఆపకుండా పోశారు. స్లాబు కింద కడ్డీలకి కవర్ బ్లాకులు వాడారు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. చాలా చోట్ల మేస్త్రీలు ఒక కంకర రాయి తీసి కడ్డీ కింద దోపేస్తారు. వైబ్రేటర్ తగిలితే ఆ రాయి పక్కకి జారిపోతుంది, కడ్డీ షట్టరింగ్ రేకు మీద కూర్చుంటుంది. నాలుగేళ్లు తిరిగేసరికి మా తీరప్రాంతపు ఉప్పుగాలికి అక్కడ తుప్పుపట్టి కాంక్రీటు పెచ్చులూడుతుంది. ఇక్కడ సిమెంటుతో పోసిన బ్లాకులు, అన్నీ ఒకే మందంలో, తీగతో కట్టి పెట్టారు. స్లాబు పోశాక పైన మట్టితో మడులు కట్టి రెండు వారాలు నీళ్లు నిలబెట్టారు. రేకులు విప్పాక నేను పడవలో కిందకి వెళ్లి చూశాను. ఎక్కడా కంకర తేలలేదు, ఒక్క కడ్డీ కనబడలేదు. చేత్తో తడిమితే పలక నున్నగా ఉంది.

మరి ఒక మార్కు ఎందుకు తగ్గిందంటే, వంతెన దిగే చోట. రోడ్డు వంతెనని కలిసేచోట ఇప్పుడు రెండంగుళాల పైన కుంగింది. బస్సు దడాల్‌మని పడుతుంది. వెనక సీట్లో కూర్చున్న ముసలివాళ్ల నడుములు ఏమవుతాయో ఆలోచించండి. కాన్పుకి ఆసుపత్రికి తీసుకెళ్తున్న ఆటో అక్కడ నత్తలా దిగడం నేను కళ్లారా చూశాను. తారు తెచ్చి అతుకు వేస్తారు, రెండు నెలలకి మళ్లీ దిగుతుంది.

ఇది జరగడానికి కారణం తెలిసిందే. వంతెన పైల్స్ మీద ఉంది, అది కదలదు. దాని వెనక అబట్‌మెంటుకీ (గట్టు దగ్గర వంతెన చివరను మోసే గోడకీ) పాత రోడ్డుకీ మధ్య నింపిన మట్టి మాత్రం మెత్తటి ఒండ్రు మీద కూర్చుంది. ఆ బరువుకి కింద నేల నెమ్మదిగా నీరొదిలి కుంగుతుంది. దీనికి తోడు ఆ నింపిన మట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, రోలరుతో తొక్కించాలి. గోడ వెనక ఇరుకు మూలలోకి పెద్ద రోలరు వెళ్లదు కాబట్టి అక్కడ చిన్న ప్లేటు కంపాక్టరు వాడాలి. ఇక్కడ టిప్పర్లతో బుసక తెచ్చి గుమ్మరించి, పై రెండు పొరలు మాత్రం తొక్కించారు. అప్రోచ్ స్లాబు అని ఒకటి ఉంటుంది. ఒక చివర అబట్‌మెంటు మీద, రెండో చివర మట్టి మీద ఆని, ఆ కుంగుదలని ఒక్కసారిగా తెలియనివ్వకుండా వాలుగా సర్దేస్తుంది. కనీసం మూడున్నర మీటర్ల పొడవుండాలని నిబంధన. అది ఒకవైపు వేశారు, రెండోవైపు ప్రారంభోత్సవం తేదీ దగ్గరపడిందని వదిలేశారు. దడాల్‌మనేది ఆ రెండోవైపే.

నన్నడిగితే డెల్టాలో వంతెన కట్టే ప్రతి పనిలోనూ వరస మార్చాలి. అప్రోచ్ కట్ట మట్టి ముందు పోసెయ్యాలి, దాని మీద ఒక వానాకాలం గడవనివ్వాలి, కుంగేది కుంగాక సరిచేసి అప్పుడు తారు వేయాలి. వంతెన కట్టడానికి ఎలాగూ ఏడాది పైన పడుతుంది. ఆ ఏడాదిలో మట్టి తన పని తాను చేసుకుపోతుంది. అదనంగా పైసా ఖర్చు లేదు. ఇప్పుడు మట్టి పనిని చివరికి పెట్టి, వారంలో ముగించి, మీద రోడ్డు వేసేస్తున్నారు.

ఇంకొక్క మాట. పాత వంతెన పక్కన రేవు ఉండేది. వంతెన పక్కన గట్టు మట్టి జారకుండా కట్టిన కొత్త రెక్కగోడ సరిగ్గా ఆ మెట్ల మీదుగా వచ్చింది. బట్టలుతికేవాళ్లూ, కార్తీకమాసంలో దీపాలు వదిలే ఆడవాళ్లూ ఎక్కడికి వెళ్లాలి? మా వీధి మామ్మగారు నేరుగా సైటు ఇంజినీరు దగ్గరికి వెళ్లి, "బాబూ, మీ గోడ బానే ఉంది, మేం నీళ్లలోకి దిగేదెలాగ?" అని అడిగారు. ఆ కుర్రాడు మంచివాడు. "అలాగేనమ్మా, చూస్తాను" అని పైవాళ్లతో మాట్లాడి, గోడకి అవతల రాతి మెట్లు కట్టించాడు. మెట్టు ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ, చివర పట్టుకోవడానికి పైపు. ప్లానులో లేని పని అది. ఊళ్లో చాలామందికి ఈ మొత్తం ప్రాజెక్టులో బాగా నచ్చింది అదే, నాక్కూడా.

ఇక మంచినీళ్లు. మూడున్నర మార్కులు.

బయట ఊళ్లవాళ్లు గోదావరి జిల్లాల్లో నీళ్లకేం లోటు అనుకుంటారు. మాకు లోటు ఎండాకాలంలో. రబీ అయ్యాక మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, మళ్లీ ఖరీఫ్‌కి వదిలేదాకా కాలువలో చుక్క ఉండదు. బోరు వేస్తే సగం చోట్ల ఉప్పునీళ్లు. కాబట్టి ఊరి ప్రాణమంతా వేసవి చెరువు మీదే. లెక్క వేసి చూడండి: మనిషికి రోజుకి 135 లీటర్లు, ముప్పై వేల మందికి దగ్గర దగ్గర నలభై లక్షల లీటర్లు. యాభై రోజులకి ఇరవై కోట్ల లీటర్లు. నాలుగు మీటర్ల లోతు చెరువనుకుంటే పన్నెండెకరాల పైచిలుకు కావాలి. ఎండకి ఆవిరయ్యేది, గట్లలోంచి ఊటగా పోయేది అదనం. మా పాత చెరువు ఈ లెక్కకి సగం కూడా లేదు. మే నెలలో రోజు విడిచి రోజు నీళ్లొచ్చేవి, అవీ అడుగు నీళ్లు, పాచి వాసన. ఇప్పుడు పక్కనే రెండో చెరువు తవ్వారు. మొన్న ఎండాకాలంలో రోజూ నీళ్లిచ్చారు. ఎన్నో ఏళ్ల తర్వాత మా వీధిలోకి నీళ్ల ట్యాంకరు రాలేదు.

ఫిల్టర్ ప్లాంటుకి అసలు పరీక్ష గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు. జూలైలో కాలువ నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి. ఆ వారం నేను ప్లాంటుకి వెళ్లాను. అక్కడ పనిచేసే కుర్రాడు పటిక మోతాదు కళ్లతో చూసి వేయకుండా, గ్లాసు జాడీల్లో నీళ్లు పోసి ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు వేసి, ఏ జాడీలో మడ్డి ముందు గట్టిగా కిందకి దిగిందో చూసి దాని ప్రకారం కలుపుతున్నాడు. అలా చేసే ప్లాంట్లు చిన్న ఊళ్లలో తక్కువ. తర్వాత ఫిల్టరు బెడ్డు ఎదురు కడగడం చూపించాడు. కింద నుంచి గాలీ నీళ్లూ వదలగానే పైన ఇసుక అన్నం ఉడికినట్టు కుతకుతలాడింది, బెడ్డంతా ఒకే తీరున. ఎక్కడో ఒక మూల మాత్రమే పొంగితే కింద నాజిళ్లు మూసుకుపోయాయని అర్థం. ఇక్కడ నలుమూలలా సమంగా లేచింది. ఫిల్టరు ఇసుక అంటే ఏట్లోంచి తెచ్చి పోసేది కాదు; ఏరిన గింజ, అర మిల్లీమీటరుకి అటూ ఇటూ ఒకే సైజులో ఉండాలి. గుప్పెట్లోకి తీసుకుని చూశాను, బాగుంది. బయటికొచ్చే నీళ్లు గాజు గ్లాసులో పోస్తే వెనకున్న పేపరు అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉన్నాయి.

అయితే ఆ నీళ్లు ఇంటికి చేరేసరికి ఏమవుతున్నాయన్నది వేరే కథ. నా దగ్గర ఓటీ ద్రావకం సీసా, చిన్న గాజు గొట్టాలు పాతవి ఉన్నాయి. గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి నాలుగు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. ఎంత ఎక్కువుంటే అంత చిక్కటి పసుపు. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ చివరి కుళాయి దాకా మిగలాలి. ట్యాంకు కింద వీధిలో చిక్కటి పసుపు వచ్చింది. మా ఇంట్లో లేత పసుపు, సరిపోతుంది. చేపల మార్కెట్ వెనక వీధికి వెళ్లాను. అది లైనుకి చిట్టచివర. నీళ్లు వదిలిన మొదటి పావుగంట గొట్టంలో రంగే రాలేదు. తెల్లగా అలాగే ఉంది. అరగంట తర్వాత కాస్త పసుపు తిరిగింది.

అక్కడ నీళ్ల ఒత్తిడి తక్కువ. కుళాయి ఎత్తుకి నీళ్లు ఎక్కవు. ఒక్క అంతస్తు ఇళ్లున్న చోట కూడా పైపులో ఏడు మీటర్ల ఒత్తిడి (నీళ్లు అంత ఎత్తుకి ఎక్కేంత) ఉండాలన్నది మా రోజుల నాటి డిజైన్ సూత్రం. కాయితం మీద ఉంది, మార్కెట్ వెనక లేదు. దానికి జనం చేసుకున్న ఏర్పాటు ఏమిటంటే, ఇంటి ముందు మోకాలి లోతు గుంత తవ్వి, కుళాయిని దాంట్లోకి దించుకున్నారు. ఆడవాళ్లు వంగి, చెయ్యి గుంతలో పెట్టి, చెంబుతో నీళ్లు తోడి బిందెలో పోసుకుంటారు. వానొస్తే ఆ గుంతలోకి వీధి డ్రైను నీళ్లు చేరతాయి. నీళ్లు ఆపేశాక ఖాళీ అయిన పైపు ఆ మురికినే లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు పొద్దున్న ముందు వచ్చేది అదే. నా గొట్టంలో రంగు రాకపోవడానికి కారణం అది.

రెండో కారణం, లైను మొదట్లో ఉన్న ఇళ్లవాళ్లు సర్వీసు పైపుకి నేరుగా మోటారు బిగించి లాగెయ్యడం. మోటారు పైపులో నీళ్లను లాగుతున్నప్పుడు ఎక్కడ చిల్లుంటే అక్కడ బయటిది లోపలికి వస్తుంది. ఇంటి సర్వీసు పైపులన్నీ పాత జీఐ (జింకు పూత పూసిన ఇనప) పైపులే. అవి వీధి డ్రైనులోంచే అడ్డంగా వెళ్తాయి. డ్రైను దాటే ఆ రెండడుగుల మేర తుప్పుపట్టి సూది బెజ్జాలు పడి ఉంటాయి. కొత్త పథకంలో మెయిన్ లైను డీఐ (డక్టైల్ ఐరన్ అనే గట్టి ఇనప) పైపులతో బ్రహ్మాండంగా వేశారు, జాయింట్లు పరీక్షించారు, ఎయిర్ వాల్వులు సరైన చోట పెట్టారు. కానీ ఆ బ్రహ్మాండమైన పైపుకి ముప్పై ఏళ్ల నాటి తుప్పు పైపునే మళ్లీ తగిలించారు. ఎస్టిమేటులో ఇంటి కనెక్షన్ల మార్పు లేదట.

మోటార్లు పెట్టుకున్నవాళ్లని కూడా తిట్టి లాభం లేదండి. నీళ్లు గంటసేపు వస్తాయి, డాబా మీద ట్యాంకు నిండాలి. కింద సంపు కట్టుకుని, పైపు నీళ్లు తమంతట తాము దాంట్లో పడేలా చేసి, సంపులోంచి మోటారుతో పైకి ఎక్కించుకుంటే ఎవరికీ నష్టం లేదు. డబ్బున్న ఇళ్లయినా ఆ పని చెయ్యాలి. చెయ్యకపోతే మార్కెట్ వెనక పసిపిల్లలకి విరేచనాలు తప్పవు, నేను ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు.

ఒక మంచి సంగతి కూడా రాయాలి. మా వైపు వాల్వులు తిప్పే కుర్రాడు ఉన్నాడు. ఈ గొట్టాల రంగు తేడా అతనికి చూపించాను. చదువు పెద్దగా లేదు గానీ వెంటనే పట్టుకున్నాడు. "అయితే ముందు చివరి వీధి వాల్వు తిప్పి, ఓ ఇరవై నిమిషాలాగి మిగతావి వదులుతానండి" అన్నాడు. అప్పటినుంచి అలాగే చేస్తున్నాడు. మార్కెట్ వెనక ఇప్పుడు మొదటి బిందెకే నీళ్లు ధారగా వస్తున్నాయి. కొన్ని గుంతలు పూడ్చేశారు కూడా. ఆ వీధిలో మున్సిపాలిటీవాళ్లు నీలం రంగు ఎండీపీఈ (తుప్పుపట్టని ప్లాస్టిక్) సర్వీసు పైపులు డ్రైనుకి కింద నుంచి వేసి ఇచ్చారు. ఊరంతా అలా మారిస్తే నాలుగున్నర మార్కులు వేస్తాను.

రోడ్లు తవ్వి సరిగ్గా పూడ్చలేదన్న ఫిర్యాదు అందరిదీ. నిజమే. అది చాలామంది రాశారు, నేను వదిలేస్తున్నాను.

భూగర్భ డ్రైనేజీ. రెండున్నర మార్కులు. ఇచ్చిన రెండున్నరా పని చేసినవాళ్లవి, పోయిన రెండున్నరా మన అందరివీ.

డెల్టాలో ఈ పని ఎంత కష్టమో తెలియనివాళ్లు తేలిగ్గా మాట్లాడతారు. మురుగు పైపులో నీళ్లు తమంతట తాము పారాలి, పైగా సెకనుకి 0.6 మీటర్ల వేగమైనా ఉండాలి. లేకపోతే మడ్డి అడుగున కూర్చుండిపోతుంది. 200 మిల్లీమీటర్ల పైపుకి ఆ వేగం రావాలంటే 250 మీటర్లకి ఒక మీటరు చొప్పున వాలు కావాలి. అంటే కిలోమీటరు వెళ్లేసరికి పైపు నాలుగు మీటర్లు కిందకి దిగుతుంది. మొదలు ఒక మీటరు లోతు వేసుకుంటే చివర ఐదు మీటర్లు. మా ఊళ్లో వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడతాయి. కొండ వాలులో ఉన్న ఊరికి, అరచేయిలా చదునుగా ఉన్న మా ఊరికి అక్కడే తేడా. పగలూ రాత్రీ పంపులు పెట్టి నీళ్లు తోడుతూ, పక్కన ఇళ్ల పునాదులు జారకుండా గుంటకి ఇనప పలకలు దింపి, ఇరుకు సందుల్లో వాళ్లు ఆ పైపులు వేశారు. నేను వెళ్లి వాలు చూశాను. లేజరు పెట్టి మాన్‌హోలు నుంచి మాన్‌హోలుకి సరిగ్గా తీశారు. అద్దం పెట్టి ఇటు నుంచి చూస్తే అటు చివర వెలుతురు నిండు గుండ్రంగా కనబడింది, ఎక్కడా వంకర లేదు. మాన్‌హోళ్లు ఇటుకతో కట్టలేదు, అచ్చులో పోసి తెచ్చిన కాంక్రీటు రింగులు, మధ్య రబ్బరు గాస్కెట్లు. నేలలోని నీళ్లు పైపులోకి ఊరకుండా ఉండాలంటే మా నేలలకి అదే సరైనది.

ఇంత చేశాక ఏమయింది? ఇళ్లు కలవలేదు. గుమ్మం ముందు ఛాంబరు దాకా పైపు తెచ్చి మూత పెట్టి వెళ్లారు. ఇంటి వెనక మరుగుదొడ్డి నుంచి ఆ ఛాంబరు దాకా పది పదిహేను అడుగులు మనం వేసుకోవాలి, రుసుము కట్టాలి, వరండా గచ్చు పగలగొట్టాలి. ఎక్కువమంది "సెప్టిక్ ట్యాంకు ఉందిగా, తర్వాత చూద్దాం" అన్నారు. వంద ఇళ్ల నీళ్లు పారాల్సిన పైపులో ఇరవై ఇళ్ల నీళ్లు పారుతున్నాయి. దాంతో కావాల్సిన వేగం రాదు. మడ్డి నిలుస్తుంది. పంపింగ్ స్టేషను సంపు నిండడానికి గంటలు పడుతుంది, ఈలోపు అది కుళ్లి వాసన. ఆ వాసన చూసి మిగతావాళ్లు "చూశారా, మేం కలపకపోవడమే మంచిదయింది" అంటున్నారు. వాళ్లు కలపకపోవడం వల్లే ఆ వాసన. ఇది ఇంటింటికీ తిరిగి చెప్పాల్సిన సంగతి, నేను తిరిగి చెబుతున్నాను కూడా.

కలిపినవాళ్లలో కొందరు ఇంకో పొరపాటు చేశారు. డాబా మీద వాన నీళ్ల పైపు కూడా తెచ్చి ఇందులోకే వదిలారు. వానాకాలంలో పెద్ద వాన పడ్డ రాత్రి పంపు తోడలేకపోయింది, రెండు చోట్ల మాన్‌హోలు మూతలు లేచి మురుగు వీధిలోకి వచ్చింది. వాన నీళ్లు వీధి డ్రైనుకే పోవాలి. ఇది చెప్పే బాధ్యత కనెక్షన్ ఇచ్చేటప్పుడు చూసేవాళ్లది.

ఆ మర్నాడు నేను చూసింది మాత్రం ఎవరూ చూడకూడనిది. పూడిక తియ్యడానికి ఒక మేస్త్రీ ఇద్దరు కూలీలని తెచ్చాడు. ఒకతను చొక్కా విప్పి, నడుముకి తాడు కట్టుకుని మాన్‌హోలులోకి దిగబోతున్నాడు. మాస్కు లేదు, గ్యాసు చూసే మీటరు లేదు. ఆపండి అన్నాను. "ఐదు నిమిషాల పనండి, అలవాటే" అన్నాడు మేస్త్రీ. మురుగులో పుట్టే ఆ గ్యాసు మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. ఎక్కువైతే వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది, వాసన లేదు కదా అని లోపలికి వంగిన మనిషి అక్కడే పడిపోతాడు. అతన్ని తియ్యడానికి దిగినవాడు కూడా. మన రెండు రాష్ట్రాల్లో అలా పోయినవాళ్లు తక్కువమంది కాదు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అలా దింపడం నేరం. నేను అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. మున్సిపాలిటీకి ఫోను చేస్తే పక్క ఊరి నుంచి జెట్టింగ్ మిషను వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వచ్చాక ఎంతోసేపు పట్టలేదు, నీళ్లు కొట్టి, మడ్డి లాగేసి వెళ్లింది. ఆ కూలీకి ఆ రోజు కూలి పోకుండా అందరం తలో కొంత వేసి ఇచ్చాం. భూగర్భ డ్రైనేజీ వేసే ప్రతి ఊరి ఎస్టిమేటులోనూ పైపులతో పాటు మిషను ఉండాలి. మిషను లేకుండా పైపులు వేస్తే ఏదో ఒక రోజు మనిషిని దింపుతారు.

మిగతా వార్డులకి కూడా ఇదే పొడిగిస్తారని వింటున్నాను. నా అభిప్రాయం, తొందరపడొద్దు. మా ఊరి చివర వార్డుల్లో ఇళ్లు దూరం దూరం, పెరళ్లు పెద్దవి. అక్కడ కిలోమీటర్ల కొద్దీ లోతు పైపులు వేసి ఖాళీగా పెట్టడం కన్నా, సెప్టిక్ ట్యాంకులు సరిగ్గా కట్టించి, మూడేళ్లకోసారి లారీతో తోడించి, ఆ బురదని శుద్ధి చేసే ప్లాంటుకి పంపడం మేలు. నరసాపురంలో, వరంగల్‌లో అలాంటి ప్లాంట్లు వచ్చాయి. ఇప్పుడు మా ఊళ్లో లారీ తోడింది ఎక్కడ పారబోస్తుందో అందరికీ తెలుసు: ఊరి బయట మురుగు కాలువలో. కింద ఊళ్లవాళ్లు ఆ కాలువ పక్కనే చేపల చెరువులు పెట్టుకున్నారు.

మార్కెట్ వార్డులవాళ్లు ఇప్పటికీ కలవకపోతే, దయచేసి ఈ ఎండాకాలంలో కలవండి. కొన్ని జాగ్రత్తలు చెబుతాను. మరుగుదొడ్డి పైపుని సెప్టిక్ ట్యాంకులోంచి కాకుండా నేరుగా ఛాంబరుకి తెప్పించండి. ట్యాంకుని తోడించి, ఇసుకతో పూడ్పించండి, లేకపోతే మూత కుంగి పిల్లలు పడతారు. వంటింటి నీళ్ల పైపుకి ముందు జిడ్డు ఆగే చిన్న తొట్టి కట్టించుకోండి, ముఖ్యంగా టిఫిన్ హోటళ్లవాళ్లు. ఇంటి పైపుకీ ఛాంబరుకీ మధ్య వాసన వెనక్కి రాకుండా నీళ్లు నిలిచే ట్రాపు తప్పనిసరిగా పెట్టించండి. ప్లంబరు అక్కర్లేదంటే వినొద్దు. పైపు పూడ్చేముందు ఒక బకెట్టు నీళ్లు పోయించి, ఛాంబరు మూత తీసి, నీళ్లు నిలవకుండా పారుతున్నాయో లేదో మీ కళ్లతో చూడండి. వాలు తెలియకపోతే నన్ను పిలవండి, లెవెల్ ట్యూబు తెచ్చుకుని వస్తాను.

వంతెన రెండోవైపు అప్రోచ్ స్లాబు వేయమని వార్డు తరఫున అర్జీ పెట్టాం. లోపాలు కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు ఇంకా ఉంది. అది ముగిసేలోపు వేయిస్తే వంతెనకి ఐదుకి ఐదూ రాసి ఈ రివ్యూ మారుస్తాను.